క్రూగర్ అడవిలో సఫారీ బండి – ఎవరి వెంట వెళ్లవలెను?

మన సంఘములో ఇదివరకు యాత్ర అంటే సింహాచలము, అన్నవరము, తిరుపతి. కొంచెము ఓపిక వున్నవారికి కాశీ. ఇప్పుడు కాలము మారినది. పిల్లలు ఉద్యోగరీత్యా దేశాంతరములలో వున్నారు. జోహనెస్‌బర్గులోనో డర్బనులోనో కొడుకో అల్లుడో వుంటే, పెద్దవారు ఒకసారి వెళ్లి చూచి వస్తున్నారు. అక్కడిదాకా వెళ్లినవారు క్రూగర్ జాతీయ వనములో సింహములను చూడకుండా తిరిగి రావడానికి ఇష్టపడరు గదా! మేము ఖుర్దారోడ్డులో రైల్వే గుమాస్తా పని చేస్తున్నాము గనుక, టిక్కెట్టు అనే మాట వున్న ప్రశ్న ఏదైనా చివరకు మా వద్దకే వస్తుంది. "అడవి చూపించే బండ్లు అక్కడ పది రకాలున్నవట, ఒకదాని రేటుకు మరొకదాని రేటుకు పొంతన లేదట, ఏది ఎక్కమంటారు?" అని అడుగుతున్నారు.

మేము ఆ అడవిని కన్నులారా చూచినవారము కాము. చదివి తెలుసుకొన్నది, వెళ్లి వచ్చినవారిని అడిగి తెలుసుకొన్నది మాత్రమే మా పెట్టుబడి. అయితే ఒక సంగతి గ్రహించినాము. ఆ బండ్లు ఎట్లా పుట్టినవో తెలిస్తే, ఏది ఎక్కవలెనో మరొకరు చెప్పనక్కరలేదు. ఆ చరిత్రలో రైలు కథ వున్నది, మన తెలుగువారి కథ కూడా కొంత వున్నది. అందుచేత ఈ ఉగాది సంచికలో దానిని పాఠకుల ముందు వుంచుతున్నాము.

ముందు ఆ మాట సంగతి చూతము. సఫారీ అనేది తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషలో ప్రయాణము అని అర్థమిచ్చే మాట. అరబ్బీనుండి వచ్చినది. హిందూస్తానీలో మనము రోజూ వినే సఫర్ అనే మాట కూడా ఆ కుదురులోనిదే. పూర్వము సముద్రతీరమునుండి లోపలి దేశమునకు మూటలు మోసుకొని పోయే కూలీల బారులను సఫారీ అనేవారు. వారు తిరిగి వచ్చేటప్పుడు మోసుకొని వచ్చినది చాలావరకు ఏనుగు దంతము. ఏనుగు బ్రతికినా వెయ్యి, చచ్చినా వెయ్యి అని మన సామెత. ఆ వ్యాపారములో మాత్రము చచ్చిన ఏనుగుకే వెల; బ్రతికిన ఏనుగుకు కాణీ కూడా లేదు.

తరువాత రైలు వచ్చినది. మొంబాసా రేవునుండి విక్టోరియా సరస్సు దాకా ఉగాండా రైల్వేను 1896లో మొదలుపెట్టి, 1901 ఆఖరుకు సరస్సు ఒడ్డుకు చేర్చినారు. దానికోసము మన దేశమునుండి సుమారు 32,000 మంది కూలీలను తీసుకొనిపోయినారు. వారిలో అధికులు పంజాబు వైపువారు. 1898లో సావో నది వంతెన కట్టేటప్పుడు రెండు సింహములు నెలల తరబడి ఆ కూలీలను గుడారములలోనుండి ఈడ్చుకొనిపోయినవి. చివరకు ప్యాటర్సన్ అనే ఇంజనీరు ఆ సంవత్సరము డిసెంబరులో రెండింటినీ కొట్టినాడు. ఆ కథ ప్రపంచమంతా పాకినది. దొరలకు ఆఫ్రికా వేటపై మోజు పెరగడానికి అదీ ఒక కారణము.

1909లో అమెరికా అధ్యక్షపదవినుండి దిగిన కొద్ది వారములకే థియోడరు రూజ్‌వెల్టు ఆ రైలులోనే వేటకు వెళ్లినాడు. ఇంజను ముందర, కాటిల్ గార్డు పైభాగమున, ఆయనకొక బల్ల అమర్చినారు. దానిమీద కూర్చుండి పట్టాలకు ఇరువైపులా మేస్తున్న జంతువులను చూస్తూ పోయినాడు. ఒక విధముగా అదే మొదటి తెరచిన సఫారీ బండి అనవచ్చును! కాని దిగిన తరువాత జరిగినది వేరు. ఆయన, ఆయన కుమారుడు కెర్మిట్, ఇద్దరే కలిసి 512 జంతువులను కొట్టినట్లు ఆయనే తన పుస్తకములో లెక్క వ్రాసుకొన్నాడు. చూడడమూ చంపడమూ ఒకే ప్రయాణములోని రెండు పనులుగా వుండిన కాలమది.

ఈనాడు ప్రతి ప్రకటనలోనూ కనబడే "బిగ్ ఫైవ్" అనే మాట కూడా ఆ వేటగాళ్లదే. సింహము, చిరుతపులి, ఏనుగు, ఖడ్గమృగము, ఆఫ్రికా అడవిదున్న – ఈ అయిదూ కాలినడకన వేటాడడానికి మిక్కిలి ప్రమాదమైనవి. గాయపడితే తిరిగి మీదపడేవి. అంతేగాని అన్నింటికంటె పెద్దవని గాని, అందమైనవని గాని ఆ పట్టీ తయారు కాలేదు. నీటిగుఱ్ఱము ఎంత పెద్దదైనా, జిరాఫీ ఎంత ఎత్తైనా అందులో చోటు దొరకలేదు. తుపాకి పోయినది, కెమెరా వచ్చినది, పట్టీ మాత్రము అట్లాగే వున్నది. ఈ సంగతి గుర్తుంచుకోవలెను, ముందు పనికివస్తుంది.

ఇక క్రూగర్ వనము సంగతి. ఇది దక్షిణాఫ్రికా ఈశాన్య భాగమున, మొజాంబిక్ సరిహద్దునానుకొని వున్నది. విస్తీర్ణము సుమారు 19,500 చదరపు కిలోమీటర్లు. ఉత్తర దక్షిణముల పొడవు సుమారు 350 కిలోమీటర్లు, అనగా మన ఖుర్దారోడ్డులో రైలెక్కి విజయనగరములో దిగినంత దూరము. వేటగాళ్లు ఆ ప్రాంతమును ఊడ్చివేయగా, పాల్ క్రూగర్ అధ్యక్షుడుగా వుండిన ట్రాన్స్‌వాల్ ప్రభుత్వము 1898లో సబీ నది ప్రాంతమును అభయారణ్యముగా ప్రకటించినది. అప్పటికే అక్కడ తెల్ల ఖడ్గమృగము ఒక్కటీ మిగలలేదు. (ఈనాడు అక్కడ వున్నవి 1961 మొదలుకొని దక్షిణమున నేటాలు ప్రాంతమునుండి తెచ్చి వదలినవాటి సంతానము.) మరుసటి సంవత్సరమే బోయరు యుద్ధము వచ్చి, కాగితముమీది అరణ్యము కాగితముమీదనే వుండిపోయినది.

యుద్ధము ముగిసిన 1902లో ఆంగ్ల ప్రభుత్వము జేమ్స్ స్టీవెన్‌సన్-హామిల్టన్ అనే స్కాట్లండు సైనికోద్యోగిని దానికి సంరక్షకుడుగా నియమించినది. ఆయన 1946 దాకా ఆ పని చేసినాడు. వేటను నిషేధించి, దొంగ వేటగాళ్లను పట్టి, ఖాళీ అడవిని మళ్లీ నింపినాడు. ఆయన గొప్పతనమును ఎవరూ కాదనలేరు. కాని మొదటి సంవత్సరములలో ఆయన చేసిన మరొక పని కూడా వున్నది. ఆ నేలపై తరతరాలుగా కాపురమున్న ఆఫ్రికను జనమును, రెండు మూడు వేలమందిని, వెళ్లగొట్టినాడు. అందుకు ఆ ప్రజలు త్సోంగా భాషలో ఆయనకొక పేరు పెట్టినారు: స్కుకూజా, అనగా ఊడ్చివేసినవాడు. వనములో ముఖ్యమైన మకాము పేరు ఈనాటికీ స్కుకూజాయే. యాత్రికులు ఆ పేరుగల బల్లకింద నిలబడి ఫోటో తీయించుకొంటారు. దాని అర్థము అడిగేవారు తక్కువ.

ఇప్పుడు రైలు కథ. సెలాటి అనే బంగారు గనుల ప్రాంతమునకు రైలుమార్గము వేస్తామని 1890 తరువాత ఒక కంపెనీ బయలుదేరినది. యూరపులో షేర్లు అమ్మి సొమ్ము పోగుచేసినారు. లంచములు, మోసములు బయటపడి కంపెనీ కూలిపోయినది. పట్టాలు సబీ నది దగ్గరకు వచ్చి ఆగిపోయినవి. ఆ తరువాత చాలా సంవత్సరములు ఆ లైనుమీద నడచినది సంరక్షకుని ట్రాలీ ఒక్కటే. మన పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరు ట్రాలీవలెనే మనుష్యులు తోసే బండి. దానిమీదనే సామాను, టపా, ప్రయాణము. 1912లో గాని లైను పూర్తికాలేదు. సబీ నదిమీద వంతెన కూడా అప్పటికి తయారైనది.

1923లో దక్షిణాఫ్రికా రైల్వేవారు తొమ్మిది రోజుల విహారపు రైలు ఒకటి ప్రవేశపెట్టినారు. కొండలు, తోటలు, సముద్రతీరము చూపడము వారి ఉద్దేశము. అభయారణ్యము దారిలో తగిలే చోటు మాత్రమే. అందులో చూడవలసినదేమున్నదని వారి ఊహ. స్టీవెన్‌సన్-హామిల్టన్ పట్టుబట్టి, అరణ్యములో రైలు ఆగే ఏర్పాటు చేయించినాడు. ఒక రేంజరు ప్రయాణీకుల వెంట వుండి, వారిని దింపి, పొదలలోకి కొంతదూరము నడిపించేవాడు. రాత్రి మంటచుట్టూ కూర్చోబెట్టి అడవి కబుర్లు చెప్పేవాడు. తొమ్మిది రోజులలో ప్రయాణీకులకు మిక్కిలి నచ్చినది ఆ ఒక్క మజిలీయే! రైల్వేవారు ఆశ్చర్యపోయినారు. అరణ్యమును రద్దుచేసి పశువుల మేతకు ఇవ్వవలెనని గోలపెట్టేవారికి ఇది జవాబైనది. ప్రజలు డబ్బిచ్చి చూడవస్తారని రుజువైన తరువాత, 1926 మే 31వ తేదీన పార్లమెంటు చట్టము చేసి దానిని జాతీయ వనముగా ప్రకటించినది.

పాఠకులు ఇక్కడ ఒకటి గమనించవలెను. ఆ వనమును నిలబెట్టిన మొదటి యాత్రికులు జంతువులను ఎన్ని చూచినారో ఎవరూ లెక్క పెట్టలేదు. వారిని కట్టివేసినది వెంట నడచిన మనిషి. ఇది ఏ జాడ, అది ఏ అరుపు, ఈ కొమ్మ ఎవరు విరిచినారు అని చెప్పే మనిషి లేకపోతే, వారికి అది ముళ్లకంపే. రైలుకు దారి తెలియనక్కరలేదు, పట్టాలే తీసుకొనిపోతవి. అడవిలో పట్టాలు లేవు; దారి తెలిసినవాడొకడు కావలెను.

అయితే చరిత్ర మరొక మలుపు తిరిగినది. 1927లో మోటారు కార్లకు ద్వారము తెరిచినారు. ఒక్కొక్క కారుకు ఒక పౌను రుసుము. ఆ సంవత్సరము వచ్చినవి 3 కార్లు. 1928లో 180, 1929లో 850. ఆపైన ఆ వరద ఆగలేదు. రోడ్లు వేసినారు, మకాములు కట్టినారు, కంచెలు వేసినారు. కారులోనుండి దిగకూడదని నియమము పెట్టినారు. సింహము కారును ఒక పెద్ద వస్తువుగా చూచి వూరుకొంటుంది. దిగినవానిని మనిషిగా గుర్తుపడుతుంది. కనుక ఆ నియమము మంచిదే. కాని దానివల్ల దారి చూపే మనిషి ప్రక్కకు తప్పుకొన్నాడు. యాత్రికుడు అద్దములు ఎత్తుకొని, తనంతట తాను నడుపుకొంటూ, ఎదుటి కారు ఎక్కడ ఆగితే అక్కడ ఆగడము నేర్చుకొన్నాడు. ఆ తరువాత కొంతకాలమునకు వనము లోపలి రైలు కూడా ఆగిపోయినది; లైను పడమటివైపు బయటకు మార్చినారు.

మరి ఆ దారి చూపే విద్య ఎవరిది? వనము చరిత్రలో అందరూ చెప్పుకొనే కథ ఒకటున్నది. 1903లో హ్యారీ వుల్హూటర్ అనే రేంజరు సాయంకాలము గుఱ్ఱముపై పోతుండగా సింహము పైబడి, భుజము కరచి ఈడ్చుకొనిపోయినది. ఆయన ఎడమచేతితో మొలలోని కత్తి దూసి సింహమును పొడిచి చంపినాడు. తరువాత చెట్టెక్కి, స్పృహ తప్పితే క్రింద పడకుండా తన్ను తాను కొమ్మకు కట్టుకొన్నాడు. ఆ కత్తి, ఆ సింహపు చర్మము స్కుకూజాలో ఈనాటికీ చూపుతారు. ఇంతవరకు అందరికీ తెలుసు. రెండవ సింహము చెట్టుక్రింద కాచుకొని వుండగా, చీకటిలో ఆయనను వెదకి వచ్చి, దానిని తరిమి, ఆయనను దింపి, రోజుల తరబడి మోసుకొని రైలు స్టేషనుకు చేర్చినవారు ఆయనవద్ద పనిచేసే ఆఫ్రికను పోలీసులు. కత్తి అద్దాల పెట్టెలో వున్నది. వారి పేర్లు ఆ కథ చెప్పేవారి నోట సామాన్యముగా వినబడవు.

ఆ విద్య సామాన్యమైనది కాదు. ఇసుకలో జాడ అంచులు పదునుగా వున్నవా, విరిగినవా అని చూచి ఎంతసేపటి క్రిందటిదో చెబుతారు. జాడలో మంచుబొట్ల గుర్తులుంటే జంతువు తెల్లవారక ముందే పోయినది. గోళ్ల గుర్తు లేకుంటే చిరుతపులి, వుంటే దుమ్ములగొండి. ఏనుగు ముంగాలి జాడ చుట్టుకొలతకు రెట్టింపు దాని భుజము ఎత్తు; మన మావటీలకు కూడా ఈ లెక్క తెలుసు. రాబందులు చెట్టుమీద వూరక కూర్చున్నవా, తిన్నగా నేలకు దిగుతున్నవా అన్నదానిని బట్టి సింహము ఎరవద్ద వున్నదో లేదో ఊహిస్తారు. ఇంపాలా జింక తుమ్మినట్లు అరచి ఒకేవైపు చూస్తుంటే, బండి ఆ వైపుకు తిప్పుతారు. ఇదంతా బడిలో చదివినది కాదు. పశువులను కాచిన బాల్యములో, తాతల వెంట నడచి, నేర్చినది.

ఆ విద్యకు గౌరవము రావడానికి చాలాకాలము పట్టినది. 1978లో క్రూగర్ వనములో రేంజరు వెంట కాలినడకన తిరిగే మొదటి బాట తెరిచి, దానికి వుల్హూటర్ పేరే పెట్టినారు. 1994లో లూయీ లీబెన్‌బర్గ్ అనే ఆయన జాడ తీసేవారికి ఒక పరీక్షా విధానము ప్రారంభించినాడు. అక్షరము రానివాడైనా సరే, నేలమీది జాడలు తప్పులేకుండా చదివితే యోగ్యతాపత్రము ఇస్తారు. పేరు వ్రాయలేని మనిషి నేలను చదవగల పండితుడని ఒప్పుకొన్న పత్రమది. మేము మెట్రిక్యులేషను దగ్గర ఆగినవారము. ఆ పత్రము విలువ మాకు బాగా అర్థమవుతుంది.

ఇక మన తెలుగువారి మాట. 1860 నవంబరు 16న మద్రాసునుండి ట్రూరో అనే ఓడ డర్బను రేవు చేరినది. చెరకుతోటలలో పనిచేయడానికి ఒప్పందపు కూలీలుగా వెళ్లినవారిలో వారు మొదటివారు. 1911 వరకు సుమారు 1,52,000 మంది అట్లా వెళ్లినారు. ఉత్తర ఆర్కాటు, విశాఖపట్టణము, మనకు దగ్గరలోని గంజాము జిల్లాలనుండి వెళ్లిన తెలుగువారు వారిలో ఎందరో. తోటలకే గాక బొగ్గు గనులకు, నేటాలు రైల్వేకు కూడా వారిని పంపినారు. అక్కడి తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభ స్థాపించుకొని, మనవలెనే ఉగాది చేసుకొంటూ, మనకంటె ఎక్కువ కష్టముమీద భాషను కాపాడుకొంటూ వస్తున్నారు.

అదే దేశములో వుంటూ, వారు తమ దేశపు అడవిని తెల్లవారివలె చూడగలిగినారా? లేదు. 1913 నాటి చట్టముతో భారతీయుడు నేటాలునుండి ట్రాన్స్‌వాలుకు పోవలెనంటే అనుమతి పత్రము కావలసి వచ్చినది. క్రూగర్ వనము ట్రాన్స్‌వాలులో వున్నది. అనుమతి తీసుకొని వెళ్లినా, వర్ణవివక్ష కాలములో తెల్లవారు కానివారికి రాత్రి బసకు ప్రధానముగా చూపినది బలూలే అనే చిన్న మకాము. చాలాకాలము తరువాత గాని ఈ కట్టుబాట్లు సడలలేదు. వనమునకు ఉత్తరపు కొసన మకులేకే జనమును 1969లో తుపాకులు చూపి లేవగొట్టి, వారి నేలను వనములో కలిపినారు. ప్రజాస్వామ్యము వచ్చిన తరువాత, 1998లో ఆ నేలపై హక్కు తిరిగి వారికి వచ్చినది. వారు మళ్లీ అక్కడ పొలాలు దున్నలేదు. అడవిని అడవిగానే వుంచి, యాత్రికులకు బస ఏర్పాటు చేసి, వారి పిల్లలకు అక్కడ పని దొరికేటట్లు చూచుకొన్నారు. చరిత్రలో ఇటువంటి పరిష్కారములు అరుదు.

ఇంత చెప్పినది ఎందుకంటే, ఈనాడు అక్కడ అమ్మే బండ్లన్నీ ఈ కథలోని ఒక్కొక్క ఘట్టమునుండి పుట్టినవే. వాటిని వరుసగా చూతము.

మొదటిది, సొంతముగా కారు నడుపుకోవడము. ఇది 1927 నాటి సంతానము. ఖర్చు తక్కువ, స్వేచ్ఛ ఎక్కువ. తారురోడ్డుమీద గంటకు 50, మట్టిరోడ్డుమీద 40 కిలోమీటర్లకు మించరాదు. చీకటి పడక ముందే మకాము తలుపు దాటి లోపలికి రావలెను. పిల్లలతో వెళ్లేవారికి, రెండు మూడు రోజులు తీరిక వున్నవారికి ఇది బాగున్నది. కాని మొదటిరోజే దీనితో ఆరంభిస్తే, కళ్లు వుండీ చూడలేని స్థితి. ఎండిన గడ్డి రంగు, సింహము రంగు ఒకటే గదా!

రెండవది, వనము అధికారులే మకాములనుండి నడిపే బండి. తెల్లవారుజామున ఒకటి, సాయంకాలము ఒకటి, రాత్రి ఒకటి; ఒక్కొక్కటి సుమారు మూడు గంటలు. దీనికి ఒక పెద్ద లాభమున్నది: సొంత కార్లకు తలుపులు తెరవక ముందే ఇది బయలుదేరుతుంది, తలుపులు మూసిన తరువాత తిరిగి వస్తుంది. పిల్లి జాతి జంతువులు తిరిగే వేళలు అవే. పదిమంది పట్టే చిన్న బండి వున్నది, ఇరవైకి పైగా పట్టే పెద్ద బండి వున్నది. రేటులో తేడా కొంచెమే అయితే చిన్నదే ఎక్కవలెను. అందులో మార్గదర్శి మాట వినబడుతుంది, అడిగిన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఆరేండ్లలోపు పిల్లలను ఈ బండ్లలో ఎక్కించరు. మనుమలను తీసుకొని వెళ్లే తాతలు ఈ సంగతి ముందుగా తెలుసుకోవలెను.

మూడవది, వనము బయటి పట్టణములనుండి వచ్చి, హోటలువద్దనే ఎక్కించుకొని పోయే అనుమతి పొందిన తెరపి బండ్లు. రోజంతా త్రిప్పుతారు. ఇందులో మంచివారున్నారు, తొందరగాళ్లున్నారు. ఇక్కడ విచారణ ఎక్కువ అవసరము.

నాలుగవది, పడమటి సరిహద్దులోని ప్రైవేటు అరణ్యములు. సబీ శాండ్ అనేది వాటిలో పేరుమోసినది. 1993లో దానికీ వనమునకూ నడుమ వున్న కంచె తీసివేసినారు గనుక జంతువులు రెండింటా తిరుగుతవి. అక్కడ డ్రైవరుగా మార్గదర్శి, బండి ముందుభాగమున బిగించిన చిన్న కుర్చీలో జాడ తీసేవాడు, ఇద్దరు వుంటారు. రోడ్డు దిగి జాడ వెంట పోవడానికి అక్కడ అనుమతి వున్నది. రూజ్‌వెల్టు కూర్చున్న చోట ఈనాడు ఆ నేల బిడ్డ కూర్చుంటున్నాడు! అయితే ఒక రాత్రి బసకు అయ్యే ఖర్చు మన గుమాస్తాల జీతములకు అందేది కాదు. పిల్లలు పెట్టుకొంటే సరే.

అయిదవది, తెల్లవారుజామున తుపాకి ధరించిన ఇద్దరు మార్గదర్శుల వెంట కాలినడక. ఇది 1923 నాటి రైలు ప్రయాణీకుల అనుభవమునకు దగ్గరిది. మోకాళ్లు సహకరించేవారికి ఇంతకంటె మంచిది లేదు.

ఏది ఎంచుకొన్నా, డబ్బు కట్టక ముందు నాలుగు ప్రశ్నలు అడగవలెను. బండి నడిపే మనిషి ప్రభుత్వమువద్ద నమోదైన మార్గదర్శియేనా? (ఆ దేశములో నమోదు లేకుండా ఆ వృత్తి చేయరాదు.) ఆయన ఈ ప్రాంతములో ఎంతకాలమునుండి పనిచేస్తున్నాడు? బండిలో ఎందరు? ఒకచోట ఎంతసేపైనా ఆగుతారా, లేక వరుసగా చూపించుకొంటూ పరుగెత్తుతారా? ఈ నాలుగింటికీ నిదానముగా జవాబు చెప్పేవారిని నమ్మవచ్చును. "అయిదు జంతువులూ ఖాయముగా చూపిస్తాము" అనేవారిని నమ్మరాదు. అడవి జంతువుకు టైంటేబిలు లేదు. ఖాయమని చెప్పినవాడు మాట నిలబెట్టుకోవడానికి బండిని తోలే తీరు వేరుగా వుంటుంది. ఒక చిరుతపులి చుట్టూ ఇరవై బండ్లు మూగేది అందువల్లనే. పిల్లల తల్లియైన ఏనుగు దారికి అడ్డముగా బండి నిలిపేది కూడా ఆ తొందరలోనే. వందేండ్ల క్రిందటి వేటగాడి పట్టీకి మనము బానిసలము కానక్కరలేదు.

కాలము విషయము కూడా చెప్పవలెను. మే మొదలు సెప్టెంబరు వరకు అక్కడ ఎండుకాలము, చలికాలము కలిసి వుంటవి. గడ్డి పొట్టి, ఆకులు రాలి వుంటవి, నీళ్లు తక్కువచోట్ల వుండడముచేత జంతువులు అక్కడికి చేరుతవి. తెల్లవారుజామున తెరపి బండిలో చలి ఎముకలు కొరుకుతుంది. శాలువ, మంకీ టోపీ మరువరాదు. నవంబరునుండి వానలు; పచ్చదనము, పిల్లజంతువులు, వలస పక్షులు అప్పుడు. ఆ ప్రాంతములో మలేరియా వున్నది. వైద్యుని అడిగి మందు తీసుకొనే వెళ్లవలెను.

బండి ఎక్కిన తరువాత మన బాధ్యత కొంత వున్నది. లేచి నిలబడరాదు, కేకలు వేయరాదు. ఇంకా దగ్గరికి పోనిమ్మని మార్గదర్శిని వేధించరాదు. ఇనాము ఆశ చూపి అసలే కూడదు. 2008 తరువాత కొమ్ములకోసము ఖడ్గమృగములను దొంగవేటగాళ్లు వందలకొలది చంపినారు. కనుక ఖడ్గమృగము కనబడితే ఆ ఫోటోను చోటు పేరుతో పదిమందికి పంపరాదు. ఇవి అడిగితే చాలు, ఆయన ముఖము విప్పారుతుంది: "ఈ చెట్టును మీ భాషలో ఏమంటారు? ఈ పేడపురుగు ఉండను ఎక్కడికి దొర్లిస్తున్నది? మీ తాతగారి ఊరు ఎక్కడ వుండేది?" చివరి ప్రశ్నకు ఆయన వనము లోపలివైపు చేయి చూపినా ఆశ్చర్యము లేదు.

సబీ నదిమీది ఆ పాత రైలు వంతెన ఇప్పటికీ నిలిచి వున్నది. 2020 డిసెంబరులో దానిమీద పాత రైలు పెట్టెలను బాగుచేసి నిలిపి, ఖరీదైన హోటలుగా తెరిచినారు. రైలు కదలదు, కింద నీటిలో ఏనుగులు, మొసళ్లు కదులుతుంటవి. రైల్వేవారము గనుక అది చూడవలెనని మాకూ ఆశ వున్నది. కాని మమ్ము ఎవరైనా ఒకటే టిక్కెట్టు కొనిపెడతామంటే, ఆ పెట్టెలో పడక అడగము. జాడ తెలిసిన ఒక మనిషి వెనుక, తెల్లవారుజామున, రెండు గంటల నడక అడుగుతాము.

పుట్టిన ఊరు విడిచి, పరాయి భాషల నడుమ మూడు తరములుగా బ్రతుకుతున్న మనకు, ఒక నేలను తెలిసిన మనిషి విలువ వేరొకరు చెప్పనక్కరలేదు. ఈ కొత్త సంవత్సరములో దూరదేశములకు వెళ్లే మన సంఘ సభ్యులందరికీ క్షేమమైన ప్రయాణము, మంచి మార్గదర్శి లభించవలెనని కోరుకొంటున్నాము.